శనివారం మారేడుమిల్లి వద్దు, ఆదివారం పెట్టుకోండి

అడిగిన ప్రశ్న ఇది: కార్తీకమాసంలో ఓ శని, ఆదివారాలు నలుగురు స్నేహితులం రాజమండ్రిలో కలుస్తున్నాం. శనివారం పొద్దున్న మారేడుమిల్లి అడవిలో నడక, సాయంత్రం ఆరున్నరకి రాజమండ్రిలో కర్ణాటక సంగీత కచేరీ, ఆదివారం ఇంట్లో ఏదైనా రాజకీయ సినిమా, రాత్రికి హైదరాబాదు రైలు. నలుగురివీ నాలుగు రాజకీయాలు. ఇదంతా కుదురుతుందా? కొట్టుకోకుండా చూడదగ్గ సినిమా ఏది? ఏమేం సర్దుకోవాలి?

మూడూ కుదురుతాయండి, వరస మార్చుకుంటే. ఇప్పుడున్న వరసలో దెబ్బతినేది కచేరీ. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా కారులో రెండున్నర గంటల దారి. పొద్దున్న ఐదింటికి బయల్దేరి మధ్యాహ్నం రెండింటికి వెనక్కి తిరిగితే సాయంత్రం ఐదుకల్లా ఇంట్లో ఉంటామని కాగితం మీద లెక్క తేలుతుంది. కార్తీకంలో ఆ లెక్క నిలవదు. వనభోజనాల బస్సులు ఆ రోడ్డునే వస్తాయి, ఒక్క లారీ మలుపులో ఆగిపోతే ముప్పావుగంట పోతుంది. టైముకే వచ్చేశారనుకుందాం. నాలుగు గంటలు ఎక్కిదిగిన ఒళ్ళు స్నానం చేసి, టిఫిను తిని, ఫ్యాను కింద కుర్చీలో కూలబడితే మొదటి ఆలాపనకే రెప్పలు వాలిపోతాయి. పాడేవాళ్ళు నెలల తరబడి సాధన చేసి తెచ్చిన రాగాన్ని నిద్రలో పోగొట్టుకోవడం కంటే ఆ సాయంత్రం ఇంట్లో ఉండిపోవడం నయం.

అందుకని ఇలా మార్చండి. శనివారం తెల్లారి ఏటిగట్టు మీద చిన్న నడక, పదకొండింటికి సినిమా, సాయంత్రం కచేరీ. ఆదివారం నాలుగున్నరకి మారేడుమిల్లి ప్రయాణం. ఆదివారం అక్కడ జనం ఎక్కువే, అది నిజం. కానీ ఆ రోజు మీకున్న గడువల్లా రాత్రి రైలొక్కటే. దారిలో గంటన్నర పోయినా కొంప మునగదు.

శనివారం పొద్దున్న కాళ్ళు సాగడానికని కోరుకొండ నరసింహస్వామి కొండెక్కుదామని ఎవరో ఒకరు అంటారు. ఆరువందల పైచిలుకు నిటారు మెట్లు, రాజమండ్రికి ఇరవై కిలోమీటర్లే. ఎక్కడానికి అరగంట చాలు, పైనుంచి చూస్తే పొలాలు చాపలా పరుచుకుని ఉంటాయి. అయినా ఈ వారం వద్దు. మెట్లు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజుల తరవాతే ముదురుతుంది. అంటే సరిగ్గా ఆదివారం అడవిలో ఉన్నప్పుడు పట్టేస్తుంది.

ఏటిగట్టుకైతే ఆ బాధ లేదు, చదునుగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి గోదావరి పాయ గౌతమి వెంట నాలుగు కిలోమీటర్లు వెళ్ళి అంతే వెనక్కి రండి. మామూలు నడకకి రెండు గంటలు. ఆనకట్ట మీద మాత్రం నడక పెట్టుకోకండి, అది వాహనాల రోడ్డు. గట్టు మీద నుంచి చూస్తే సరిపోతుంది. కాటన్ 1847 నుంచి 1852 వరకు కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చినదే ఇప్పటి బ్యారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. డెల్టా అంతా ఇక్కడే మొదలవుతుంది. నవంబరులో ఆరు దాటాక గానీ సూర్యుడు రాడు. ఐదూ నలభైకల్లా గట్టెక్కితే మంచు తెరలో నది, ఎనిమిదయ్యేసరికి ఎండ. గట్టు మీద నీడ ఉండదు, తిరుగు నడకలో టోపీ కావాలి. మంచుకి తడిసిన గడ్డిలోకి దిగకండి, పాములుంటాయి. గట్టు దిగి ఒండ్రులోకి వెళితే ఆ బురద బూటు అడుగున అట్టలు కట్టి ఒక్కో కాలికి అరకిలో బరువు వేస్తుంది. పుల్లతో గీక్కోవాలే తప్ప దులిపితే పోదు. ఆదివారం అడవికి వేసుకోవాల్సిన బూట్లు ఈ నడకకి వాడొద్దు. తడిస్తే ఒక్క రాత్రిలో ఆరవు, తడి బూటుతో కొండెక్కితే మడమ బొబ్బలెక్కుతుంది.

(ఇదే ప్రశ్న జులై, ఆగస్టుల్లో అడిగి ఉంటే ముందు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోమనేవాళ్ళం. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే గట్టు మీద విహారాలు మానాలి. కార్తీకంలో వరద బెడద ఉండదు గానీ బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం అదే. కోనసీమను ఊడ్చేసిన 1996 తుపాను కూడా నవంబరులోనే వచ్చింది. శుక్రవారం రాత్రి వాతావరణ హెచ్చరిక చూసి, అల్పపీడనం అన్న మాట వినబడితే అడవి నడక మానెయ్యండి. వాగులు గంటలో పొంగుతాయి.)

ఇక సినిమా. 1974లో వచ్చిన కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' చూడండి. మీరు ఆదివారం వెళ్ళే దారి ఆ కథ జరిగిన మన్యంలోకే. మరునాడు కారులో రెండున్నర గంటలు ఖాళీగా కూర్చుంటారు కదా, వాదన అప్పుడు పెట్టుకోవచ్చు. పార్టీల పేర్లు లేని రాజకీయం కాబట్టి నలుగురూ ఓపిగ్గా చూస్తారు. అలాగని మెత్తటి రాజకీయం కాదు. అడవి ఎవరిది, కూలి ఎంత, పన్ను ఎవరికి కట్టాలి అనే అసలు ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి.

తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం అది. చూసేటప్పుడు ఒక పరీక్ష చెయ్యండి. స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లుంటుంది, మన టీవీ తెర 1.78 రెట్లే. కాబట్టి 43 అంగుళాల టీవీలో పైనా కిందా ఆరున్నర సెంటీమీటర్ల చొప్పున నల్ల పట్టీలు రావాలి. తెర నిండా బొమ్మ వస్తోందంటే, పక్కలు కోసేసిన కాపీ అన్నమాట, లేదా నిలువుకి సాగదీసింది. మనుషులు సన్నగా పొడుగ్గా కనబడితే సాగదీసినట్టు. ముందు టీవీలో జూమ్ ఆపి చూడండి, అప్పటికీ పట్టీలు రాకపోతే వేరే కాపీ వెతకండి. పోరాట ఘట్టాల్లో దర్శకులు మనుషుల్ని తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా నింపారు. పక్కలు కోస్తే యుద్ధంలో సగం పోతుంది.

ప్రొజెక్టరు ఉంటే గోడకి రెండు మీటర్ల వెడల్పు బొమ్మ చాలు, ఎత్తు 85 సెంటీమీటర్లు వస్తుంది. త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరం కావాలన్న లెక్క) 1.2 అని రాసి ఉంటే ప్రొజెక్టరు గోడకి 2.4 మీటర్ల దూరంలో ఉండాలి. పగటిపూట కిటికీలకి దుప్పటి కట్టకపోతే రాత్రి ఘట్టాల్లో ఏమీ కనబడదు. రాత్రి డాబా మీద వేసుకుందామన్న ఆలోచన మానుకోండి. కార్తీకంలో ఎనిమిది దాటితే మంచు పడి తెరగుడ్డ వేలాడిపోతుంది, వెలుగుకి పురుగులు లెన్సు మీద వాలతాయి, దోమల సంగతి చెప్పక్కర్లేదు. స్పీకరుని బ్లూటూత్‌తో కలిపితే మాట పెదవి కంటే వెనకబడుతుంది. డైలాగులతో నడిచే సినిమాకి అది పెద్ద లోపం, తీగతో కలపండి. బేస్ పెంచకండి. పాత సౌండ్‌ట్రాకులో బేస్ పెంచితే మాట మసకబారుతుంది.

సుమారు మూడు గంటల సినిమా. పదకొండింటికి వేసి, విశ్రాంతి దగ్గర ఆపి భోంచేసి, మళ్ళీ వేస్తే మూడున్నరకి అయిపోతుంది. మధ్యలో ఆపి వాదించుకోవద్దని ముందే ఒప్పందం చేసుకోండి. కావాలంటే ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసుకోవచ్చు. రాసుకోదగ్గ ప్రశ్నలు కొన్ని చెబుతాం, ఎందుకంటే ఈ సినిమాని భక్తిగా చూసి లేచిపోవడమే అందరూ చేసే పని.

మొదటిది పోడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ళకి చెట్టు నరికి సాగు చేసుకునే హక్కు చిక్కుల్లో పడింది. ఆ చట్టాన్ని పితూరికి, అంటే తిరుగుబాటుకి, కారణంగా సినిమా ఎంతవరకు చూపించింది? రెండోది ముఠాదార్లు. కొండ గ్రామాల మీద వాళ్ళకున్న పాత అధికారాన్ని తెల్లదొరతనం కత్తిరిస్తూ వచ్చింది. గాం గంటందొర, మల్లుదొర వంటి వాళ్ళు సీతారామరాజు వెంట నడవడానికి వాళ్ళ సొంత కారణాలు వాళ్ళకున్నాయి. తెరమీద వాళ్ళు అనుచరులుగా ఉన్నారా, భాగస్వాములుగా ఉన్నారా? మూడోది రోడ్డు కూలి. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత అన్యాయపు కూలికి రోడ్డు పని చేయించడం అప్పటి మంటల్లో ఒకటి. నాలుగోది, రాజు కంటే ముందు ఎన్ని పితూరీలు జరిగాయన్నది. 1879 రంప పితూరి కల్లు మీద వేసిన చిగురుపన్నుతో రాజుకుంది, అప్పటికి సీతారామరాజు పుట్టనే లేదు. ఆయన పుట్టింది 1897లో, పూర్వీకుల ఊరు భీమవరం దగ్గర మోగల్లు. పల్లపు ఊళ్ళ కుటుంబంలోంచి కొండకి వెళ్ళిన నాయకుడన్నమాట. మన డెల్టావాళ్ళం ఆ కథని మన కథగా చెప్పుకోవడానికి అదో కారణం. కొండవాళ్ళ నోట అదే కథ ఎలా ఉంటుందో ఆలోచించడం ఈ వారాంతంలో చేయదగ్గ మంచి పని. విజయనిర్మల గారి సీత పాత్రను, ఆ ప్రేమకథను చరిత్ర ఖాతాలో వేసుకోకండి.

తేదీల మీద తగువు వస్తే ఇవి దగ్గర పెట్టుకోండి: 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని కాల్చి చంపారు. సినిమా సంగతికొస్తే, దర్శకులు వి. రామచంద్రరావు గారు చిత్రీకరణ మధ్యలో పోయారు, మిగిలింది కృష్ణ గారు, కె.ఎస్.ఆర్. దాస్ గారు పూర్తిచేశారు. శ్రీశ్రీ గారి 'తెలుగు వీర లేవరా' పాటకి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ గొంతు ఘంటసాల గారిది, సినిమా విడుదలకి ముందే ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

కచేరీకి ఐదింటికే టిఫిను తినెయ్యండి. ఇడ్లీ, ఉప్మా లాంటివే, పెసరట్టు ఉప్మా జోలికి వెళ్ళొద్దు. తొమ్మిదిన్నర దాకా మళ్ళీ తిండి ఉండదు. పొట్ట బరువైతే మీదే నష్టం. ఆరున్నర అని వేశారంటే సన్మానాలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యి మొదటి పాట, అంటే వర్ణం, మొదలయ్యేసరికి ఏడు దాటొచ్చు. అయినా ఆరుకల్లా వెళ్ళండి, మంచి కుర్చీ కోసం. మైకు పెట్టెలకి సూటిగా ముందు వరసలు వదిలెయ్యండి. ఆరో వరస నుంచి పదో వరస మధ్య, నడవాకి దగ్గరగా బాగుంటుంది. మామూలుగా మనకి ఎడమ పక్క మృదంగం, కుడి పక్క వయొలిన్ ఉంటాయి. ఏది ఇష్టమో ఆ పక్కకి జరగండి. మొదట్లో పది నిమిషాలు శ్రుతి సరిచేసుకుంటూ ఉంటే విసుక్కోకండి. మన గాలిలో తేమకి మృదంగం చర్మం సడలి శ్రుతి దిగుతుంది, తట్టి తట్టి పైకి తేవాలి. బయట పందిట్లో అయితే మంచుకి ఇంకా త్వరగా దిగుతుంది.

మొదటిసారి వచ్చినవాళ్ళు ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. రెండున్నర గంటల కచేరీలో అసలు అంశం ఒకటుంటుంది. పొడుగాటి ఆలాపన, వయొలిన్ జవాబు, కృతి, అందులో ఒక పాదాన్ని తీసుకుని రకరకాలుగా పాడే నెరవు, తరవాత సరిగమలతో అల్లే స్వరకల్పన, చివర మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం. ముందు వచ్చేవి దానికి దారి వేసేవి. ఆది తాళమైతే లెక్క సులువు: లఘువు, ద్రుతం అని తాళంలో భాగాలు. లఘువుకి నాలుగు దెబ్బలు, రెండు ద్రుతాలకి రెండేసి, మొత్తం ఎనిమిది. చేతిని తొడ మీద చప్పుడు కాకుండా వేస్తూ కూర్చోండి. లెక్క తప్పితే కంగారుపడక మళ్ళీ సమం దగ్గర, అంటే తాళం మొదలయ్యే దెబ్బ దగ్గర, అందుకోండి. ఇలా వేసినవాళ్ళకి తని ఆవర్తనం అర్థమవుతుంది, వెయ్యనివాళ్ళకి డప్పుల చప్పుడులా ఉంటుంది. తని మొదలవగానే టీకి లేచి వెళ్ళే అలవాటు మన సభల్లో చాలా చెడ్డది. గాయకులు కూడా తాళం వేస్తూ ఆ కళాకారుడికి గౌరవమిచ్చే సమయం అది. పదో పదిహేనో నిమిషాలు, కూర్చోండి. బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం మన రాజోలు పక్కనే. ఆ మాత్రం మర్యాద ఈ నేల మీద దక్కాలి.

లౌడ్‌స్పీకర్లకి రాత్రి పదే గడువు కాబట్టి బయట జరిగే కచేరీ అయినా మామూలుగా అప్పటికి అయిపోతుంది. వెంటనే పడుకోండి. మర్నాడు నాలుగింటికి లేవాలి.

మారేడుమిల్లికి నాలుగున్నరకి బయల్దేరితే ఏడు, ఏడుంపావుకి అక్కడ ఉంటారు. పెట్రోలు ముందు రోజే పోయించుకోండి. నగదు చేతిలో ఉంచుకోండి, సిగ్నలు పోతే యూపీఐ పనిచెయ్యదు. ఆఫ్‌లైన్ మ్యాపు శనివారమే దింపుకోండి. మీ జాబితాలో గుడిస కొండ ఉంటే కొట్టెయ్యండి. అది మారేడుమిల్లి నుంచి ఇంకో నలభై కిలోమీటర్ల వరకు ఉంటుంది, చివరి ఎక్కుడు మట్టిదారిలో జీపు మీదే. పొద్దుపొడుపు చూడాలంటే ముందురోజు రాత్రి మారేడుమిల్లిలోనే ఉండాలి. కచేరీ, గుడిస రెండూ ఒకే వారాంతంలో పడవు.

తోడుగా స్థానికుడైన గైడు లేకుండా అడవిలోకి దిగొద్దు. ఎంత ఇవ్వాలో, ఎన్ని గంటలో బయల్దేరకముందే మాట్లాడుకోండి. ఏ దారికి అటవీశాఖ అనుమతి ఉందో చెక్‌పోస్టు దగ్గర అడగండి. పాపికొండల జాతీయ ఉద్యానవనం హద్దుల్లోకి అనుమతి లేకుండా వెళ్ళడం నేరం. మీకు సరిపోయేది వెళ్ళిరావడానికి ఎనిమిది కిలోమీటర్లు, నాలుగు గంటలు. జలతరంగిణి వంటి రోడ్డు పక్క జలపాతాల దగ్గర పది దాటితే జనమే, వాటిని ముందు చూసేసి లోపలికి పదండి.

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. పొట్లం మీద ఎంత నీటికని రాసి ఉందో అంత నీటిలోనే కలపాలి. తక్కువ నీళ్ళలో చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది. తిండికి పులిహోర తీసుకెళ్ళండి, చింతపండు పులుపుకి మధ్యాహ్నం దాకా చెడదు. దద్దోజనం సంచిలో వేడికి పులిసిపోతుంది. తీపికి తాపేశ్వరం కాజా పాకం కారి చీమల్ని పిలుస్తుంది, పూతరేకులు పొడైపోతాయి. వేరుశనగ చిక్కీ మేలు. మొత్తం సంచి ఐదు కిలోలు దాటకూడదు.

జారిపడేది ఎక్కడంటే, ఎక్కుడులో కాదు, దిగుడులో ఎండు వెదురాకు మీద. ఆకు కింద రాయి కనబడదు. అడుగు చిన్నదిగా, మోకాలు కొంచెం వంచి, పాదం అడ్డంగా వెయ్యండి. వాగు దాటేటప్పుడు పాకుడు పట్టిన నల్లరాయి మీద కాలు పెట్టకుండా నీళ్ళలోనే ఇసుక మీద నడవండి. బూటు తడిస్తే తడిసింది. జలపాతం కింద గుంట లోతు పైకి తెలియదు, ఈతొచ్చినవాళ్ళు కూడా దిగొద్దు. జలగ పట్టుకుంటే లాగకండి, ఉప్పు వేస్తే వదులుతుంది. పోడు చేలల్లో చోడి, సామ పండి ఉంటే గట్టు చుట్టూ తిరిగి వెళ్ళండి, అడ్డంగా నడవకండి. కొండరెడ్ల, కోయల ఊళ్ళలో ఇళ్ళ ముందు అడక్కుండా ఫొటోలు తియ్యొద్దు. ముందు రోజు సినిమా చూసిన ఊపులో గైడుని చరిత్ర, పోలవరం ముంపు గురించి ప్రశ్నలతో చుట్టుముట్టకండి. ఆయన చెబితే వినండి. నిర్వాసితుల ఇళ్ళు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి, అది వాళ్ళకి చర్చాంశం కాదు.

పదకొండున్నరకల్లా రోడ్డు మీదికి వచ్చెయ్యాలి. బొంగు చికెన్ తినాలంటే లోపలికి వెళ్ళేముందే, పొద్దున్నే చెప్పి వెళ్ళండి. వెదురు బొంగులో పెట్టి నిప్పుల మీద కాల్చడానికి టైము పడుతుంది, మధ్యాహ్నం అప్పటికప్పుడు అడిగితే రద్దీలో సగం ఉడికింది చేతికొస్తుంది. ఒంటిగంటన్నరకి బయల్దేరండి. కార్తీకంలో ఐదున్నరకే చీకటి, కొండల మధ్య ఇంకా ముందే. ఈ లెక్కన నాలుగున్నరకి రాజమండ్రి, ఆలస్యమైనా ఆరున్నర. రాత్రి రైలుకి చాలినంత వ్యవధి.

దోమల మందు చేతులకి, మెడకి, చీలమండలకి పొద్దున్నే రాసుకోండి, చెమట పడితే మళ్ళీ రాయండి. తిరిగొచ్చాక నెలరోజుల లోపు ఎవరికైనా చలితో జ్వరం వస్తే, ఒక్కరోజు కూడా ఆగకుండా మలేరియా రక్తపరీక్ష చేయించండి. డాక్టరుకి ఏజెన్సీకి వెళ్ళొచ్చామని ముందే చెప్పండి. హైదరాబాదులో ఉన్న మీ స్నేహితుడికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. అక్కడ అడగకపోతే ఆ పరీక్ష ఎవరికీ తట్టకపోవచ్చు.